మెట్లు లేని మేడగది

రాజోలు బజారులో గొడుగులమ్మే బాబ్జీ గారికి జాయ్ టీచరంటే ప్రత్యేకమైన అభిమానం. ఏటా తొలకరికి ముందు ఆవిడ కొట్లోకి వచ్చేది. నల్లవి, పువ్వులవి, మడత పెట్టేవి, పొడుగు కర్రవి అన్నీ ఒక్కొక్కటే తెరిచి, భుజం మీద పెట్టుకుని చూసి, మూసి, మళ్ళీ తెరిచేది. బస్సెక్కేటప్పుడు ఏ చేత్తో మూయాలి, స్టాఫ్ రూములో ఏ మూల ఆరబెట్టాలి, గోదావరి గాలికి ఏది వెనక్కి తిరగబడుతుంది, ఇవన్నీ నిలబడి ఆలోచించి, చివరికి “రేపొస్తానండి” అని వెళ్ళిపోయేది. రేపులన్నీ అయిపోయేసరికి వానాకాలమూ అయిపోయేది. బాబ్జీ గారు ఏనాడూ విసుక్కోలేదు. టీచర్ గారు గొడుగు కొన్న ఏడాది వానలు మొహం చాటేస్తాయనీ, రైతుల మేలు కోరి ఆవిడ కొనడం లేదనీ పక్క కొట్టువాళ్ళకి చెప్పి నవ్వించేవారు.

జాయ్ లెక్కల టీచరు. పి.గన్నవరం అవతల ఒక హైస్కూల్లో పదో తరగతి పిల్లలకి సంభావ్యత పాఠం చెప్తుంది. నాణెం ఎగరేస్తే ఏం పడవచ్చో ఆమె చెప్పినంత బాగా ఆ చుట్టుపక్కల ఎవరూ చెప్పలేరు. కానీ తన నాణేన్ని మాత్రం ఎప్పుడూ ఎగరేయలేదు. ముప్పై దాటి కొన్నేళ్ళయింది, పెళ్ళి కాలేదు. సంబంధాలు రాక కాదు, వచ్చినవాటి గురించి ఆలోచించడం పూర్తికాక.

ఈ గుణం తండ్రి నుంచి వచ్చింది. సత్యానందం మాస్టారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. కూతురు పుట్టినప్పుడు ఏ పేరు పెట్టాలో తేలక నెలల తరబడి ‘పాప’ అనే పిలిచారు. ఒక పేరు మరీ పొడుగు, పరీక్ష కాగితం మీద గళ్ళు చాలవు. ఒకటి మరీ పొట్టి, పిలిస్తే వినబడదు. ఇంకొకటి హాజరు పిలిచేటప్పుడు ఎప్పుడూ ఆఖర్న వస్తుంది. బాప్తిస్మం రోజున పాస్టరు అయ్యగారు దోసిట్లో నీళ్ళు పట్టుకుని “బిడ్డ పేరు?” అని అడిగితే మాస్టారు “ఒక్క నిమిషం అండి” అన్నారు. అయ్యగారి వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. చర్చి అంతా చూస్తోంది. అప్పుడు తల్లి సువార్తమ్మ “జాయ్ అండి” అనేసింది. అంతకు ముందు ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు అనుకోనైనా అనుకోలేదు. ఎందుకలా అన్నావని ఇంటికెళ్ళాక మాస్టారు నిలదీస్తే, పిల్ల అప్పుడే నవ్విందండీ, అంది. అంతకు మించి కారణమేదీ ఆవిడ ఇప్పటికీ చెప్పలేదు.

తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒక వైపు, సువార్తమ్మ ఒక వైపు. ఆ ఇంట్లో కూర ఏం వండాలో వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ ఉండగానే ఆవిడ వండి వడ్డించేసేది.

బ్యాంకులో పనిచేసే అబ్బాయి ఒకడు వచ్చినప్పుడు జాయ్ కొంచెం టైము అడిగింది. అతనిలోని మంచీ చెడూ తూచింది. అతని ఊరు, తన ఊరు, బదిలీలు, వాళ్ళమ్మగారి మాటతీరు, అతను నవ్వేటప్పుడు కళ్ళు ముందు నవ్వుతాయా పెదాలు ముందు నవ్వుతాయా, అన్నీ చూసింది. మంచివాడేననీ, చేసుకోవచ్చుననీ తేల్చుకున్న రోజునే అతని శుభలేఖ వచ్చింది. జాయ్ ఆ పెళ్ళికి వెళ్ళింది. భోజనం బాగుందని అందరితో చెప్పింది. ఇంటికొచ్చి తలుపేసుకుని చీకటి పడేదాకా బయటికి రాలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో పెళ్ళి మాట ఎత్తడం మానేశారు.

అలాంటి మనిషి ఒక సాయంత్రం, పి.గన్నవరంలో, టీ కొట్టు రేకు కింద నిలబడి, రెప్పపాటులో పెళ్ళికి ఒప్పేసుకుంది.

విజయ్ కుమార్ ఇంకో హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. సొంత ఊరు కొత్తపేట దగ్గర. ఉల్లిపాయలకని బజారుకెళ్ళి మేకపిల్లతో తిరిగొచ్చే రకం అని వాళ్ళ స్టాఫులో చెప్పుకునేవారు. మేకపిల్ల సంగతి నిజమే, దాన్ని ఇంకా పెంచుతున్నాడు. కిందటేడు మండలం ఆటల పోటీల్లో వాలీబాల్‌కి అతను రిఫరీ, జాయ్ స్కోరరు. బంతి గీత దగ్గర పడితే అతను చూసీ చూడగానే ఈల ఊదేసేవాడు. జాయ్ వెళ్ళి మట్టిలో గుర్తు వెతికి, వంగి చూసి, అటు నుంచి ఇటు నుంచి కొలిచి, అతను చెప్పిందే సరైందని తేల్చేది. అప్పటికి పిల్లలు తర్వాతి పాయింటు కూడా ఆడేసేవారు. ఒక్కసారి మాత్రం అతను అవుటన్న బంతి గుర్తు గీతకి ఇవతల కనబడింది. జాయ్ ఆ మాట చెప్పగానే అతను ఏ వాదనా లేకుండా “ఆయ్, నాదే తప్పండి” అని చెయ్యెత్తి పాయింటు తిప్పేశాడు. తప్పు ఒప్పుకోవడానికి కూడా అంత తక్కువ సేపు పట్టే మనిషిని ఆమె అంతకు ముందు చూడలేదు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు బస్టాపులో కనబడితే పలకరించుకునేవారు. అంతే.

ఆ సాయంత్రం వాన ఒక్కసారిగా దిగింది. జాయ్ దగ్గర గొడుగు లేదు, ఎందుకు లేదో అందరికీ తెలుసు. సుబ్రహ్మణ్యేశ్వరరావు టీ కొట్టు రేకు కిందికి పరిగెత్తింది. విజయ్ కుమార్ అప్పటికే అక్కడ ఉన్నాడు. రేకు అంచు నుంచి నీళ్ళు తాళ్ళలా వేలాడుతున్నాయి. ఇద్దరూ గ్లాసులు పట్టుకుని వాన చూస్తున్నారు. చక్కెర సరిపోయిందాండి అని అడిగినంత మామూలుగా అతను అడిగాడు.

“టీచర్ గారూ, నన్ను పెళ్ళి చేసుకుంటారాండి?”

“చేసుకుంటానండి.”

ఆ మాట ఎవరన్నారా అని జాయ్ పక్కకి తిరిగి చూసింది. పక్కన సుబ్రహ్మణ్యేశ్వరరావు తప్ప ఎవరూ లేరు. అతను టీ వడపోస్తూ వడపోస్తూ ఆగి, ఇద్దరి మొహాలూ చూసి, శుభం అండి, అన్నాడు.

తర్వాత ఏం మాట్లాడుకున్నారో జాయ్‌కి సరిగా గుర్తులేదు. వచ్చిన బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. మొహం మీద జల్లు పడుతున్నా కిటికీ మూయలేదు. కండక్టరు టిక్కెట్టు అడిగితే నవ్వింది. ఎవరో ముసలావిడ కాలు తొక్కితే పరవాలేదండీ అని మళ్ళీ నవ్వింది. అంబాజీపేట వచ్చాక గానీ అది రాజోలు బస్సు కాదనీ, అమలాపురం బస్సనీ తెలియలేదు. బోర్డు చూడకుండా బస్సెక్కడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. దిగి, ఎదురు బస్సు కోసం తడుస్తూ నిలబడింది. అప్పుడు కూడా నవ్వే వస్తోంది.

ఇంటికి వెళ్ళేసరికి సువార్తమ్మ గుమ్మంలో తువ్వాలు పట్టుకుని ఉంది. కూతుర్ని కిందికీ మీదికీ చూసి, “అబ్బాయెవరే?” అంది. మాస్టారు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని ప్రశ్నలు మొదలుపెట్టారు. ఆ అబ్బాయికి అన్నదమ్ములెందరు, ఆరోగ్యం ఎలాంటిది, కోపమొస్తే ఏం చేస్తాడు, కోపం రాకపోతే ఏం చేస్తాడు. జాయ్‌కి ఒక్కదానికీ జవాబు తెలియదు. ప్రశ్న ప్రశ్నకీ తల తుడుచుకోవడం నెమ్మదైంది. ఇవన్నీ అడగకుండా ఎలా ఒప్పుకున్నానా అన్న భయం అప్పుడు మొదలైంది.

విజయ్ కుమార్ తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని ఆ వారమే వచ్చేశాడు. పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు. సువార్తమ్మ వాళ్ళకి పెట్టాల్సినవి పెట్టింది. అబ్బాయి పనసతొనలు తిని గింజలు ఎక్కడ వేయాలో వెతుక్కోకుండా జేబులో వేసుకున్నాడనీ, చాలా మంచివాడనీ వాళ్ళు వెళ్ళాక చెప్పింది. ఆ గింజలకీ మంచితనానికీ సంబంధమేమిటని మాస్టారు ఆ రాత్రంతా అడుగుతూనే ఉన్నారు. తిరిగి తాము వెళ్ళి అబ్బాయి ఇల్లు చూసి రావడానికి ఏ రోజు బాగుంటుందో మాత్రం ఆయన తేల్చలేకపోయారు.

వాళ్ళ సంఘంలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఆరాధనలో పెళ్ళి ప్రకటన చదువుతారు. ఫలానా వారి అబ్బాయి, ఫలానా వారి అమ్మాయి, ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి, అని. మూడు వారాలూ ఎవరూ ఏమీ అనకపోతే పెళ్ళి. ఎవరైనా అంటే అక్కడితో ఆపి విచారిస్తారు. జాయ్‌కి తెలిసి ఇంతవరకూ ఎవరూ అనలేదు. నలుగురి ముందు ఇంకొకరి శుభకార్యానికి అడ్డం చెప్పేంత మర్యాద తక్కువ మనిషి ఆ చుట్టుపక్కల పుట్టలేదు. ఆ ప్రశ్న తర్వాత అయ్యగారు ఒక గుక్క ఊపిరి తీసుకుని పాట నంబరు చెప్పేస్తారు.

మొదటి ఆదివారం ఆయన తన పేరు చదువుతుంటే జాయ్ చెవులు వేడెక్కాయి. ఆడవాళ్ళ వైపు వరసలన్నీ ఆమె వైపు తిరిగి నవ్వాయి. అప్పుడే ఆమెకి అనుమానం వచ్చింది. ఎవరికైనా అంటే, ఆ ఎవరిలో పెళ్ళికూతురు ఉంటుందా ఉండదా? ఉండదని ఎక్కడా చెప్పలేదు. చెప్పనప్పుడు ఉన్నట్టే. బ్యాంకు అబ్బాయి విషయంలో ఆలోచన ఎక్కువై పోగొట్టుకుంది. ఇప్పుడు ఆలోచన లేకుండా తెచ్చుకుంది. రెండోది కూడా పొరపాటైతే? దాన్ని సరిచూసుకోవడానికి ఇంకా రెండు ఆదివారాలు మిగిలాయి.

ఆ వారమంతా బడి నుంచి రాగానే వామనగుంటల పీట ముందేసుకుని కూర్చుంది. ఒక వైపు గుంటల్లో విజయ్ కుమార్‌లోని మంచికి చింతపిక్క, ఇంకో వైపు చెడ్డకి చింతపిక్క. సువార్తమ్మ రెండు రోజులు చూసి ఊరుకుంది. మూడో రోజు బియ్యం చేట పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. మంచి గుంటలు నిండి పొర్లుతున్నాయి.

“ఇటన్ని పడ్డాయి, ఏంటే అవన్నీ?”

“తెలీదమ్మా. ఆయన్ని తలుచుకుంటే నవ్వొస్తోంది. నవ్వొచ్చినప్పుడల్లా ఒకటేశాను.”

“మరటుపక్క?”

“ఎందుకు నవ్వొస్తోందో తెలీట్లేదని.”

సువార్తమ్మ చేట కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేటట్టు నవ్వింది. తర్వాత రెండు వైపుల పిక్కలూ ఒకే గుప్పిట్లోకి తీసి డబ్బాలో పోసి మూత పెట్టేసింది.

రెండో ఆదివారమూ ప్రకటన అయింది. ఎవరూ నోరెత్తలేదు. ఇక సొంతంగా వాకబు చేయడమే మార్గమని జాయ్ తేల్చుకుంది. తోడుగా బడిలో సోషల్ టీచరు లక్ష్మీతులసిని తీసుకెళ్ళింది. లక్ష్మీతులసిది అంతర్వేది వైపు. వాళ్ళాయన రొయ్యల చెరువులు చేస్తాడు. మనిషినైనా రొయ్యనైనా నీళ్ళలోంచి తీసి చూడకూడదనీ, నీళ్ళలో ఉండగానే మేత తింటోందో లేదో చూసుకుంటే చాలుననీ ఆవిడ దారి పొడుగునా చెప్పింది. జాయ్ వినిపించుకోలేదు. విజయ్ కుమార్ బడి పిల్లల్ని ఆటలకి రామచంద్రపురం తీసుకెళ్ళిన రోజు చూసుకుని ఇద్దరూ అతని ఊళ్ళో దిగారు.

మొదటి ఇంట్లో ఆవిడ వీళ్ళని చూడగానే “పెళ్ళి వాకబాండి?” అని కుర్చీలు వేసింది. కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చింది. విజయ్ కుమార్ ఎలాంటివాడంటే, బంగారవండి, అంది. రెండో ఇంట్లోనూ బొండాలు, రెండో ఇంట్లోనూ బంగారమే. మూడో ఇంట్లో బొండాలతో పాటు కొబ్బరుండలు కూడా వచ్చాయి. కొబ్బరినీళ్ళు కడుపులో అటూ ఇటూ ఊగుతుంటే జాయ్ వీధిలో ఆగిపోయింది. అందరూ ఒకే జవాబు చెప్తుంటే ఆ జవాబుకి విలువెంత? సరిచూసుకోవాలి. నాలుగో ఇంటి ఆయన్ని, ఎదురుగా అరుగు మీద పొద్దున్నే తాగి పడుకున్న మనిషిని చూపించి, ఈయన ఎలాంటివారండి, అని అడిగింది.

ఆయన ఆ మనిషిని ఒకసారి చూసి, “ఆయనాండి? ఆయనా బంగారవేనండి. ఆయ్” అన్నాడు.

లక్ష్మీతులసి మొహం తిప్పుకుని కొంగు కొరుక్కుంది. ఈ వైపు వాకబు అనేదే కుదరని పని అని జాయ్‌కి అర్థమైంది. ఇక్కడ మర్యాద ముందు నిజం బొండాం నీళ్ళు తాగి వెళ్ళిపోతుంది.

తిరిగి బస్సుకి నడుస్తుంటే పోలిరాజు అనే పెద్దాయన ఎదురొచ్చి, ఇంతదూరం వచ్చి ఇల్లు చూడకుండా ఎలా వెళ్తారండీ అని తీసుకెళ్ళాడు. అరటి తోట పక్కన సున్నం వేసిన చిన్న డాబా. గేటుకి కట్టేసి మేక, ఇప్పుడు పిల్ల కాదు. డాబా మీద ఒక గది. గదికి నీలం రంగు తలుపు. తలుపు కింద ఏమీ లేదు. గోడకి ఒక వెదురు నిచ్చెన ఆనించి ఉంది.

పోలిరాజు నిచ్చెన వైపు చెయ్యి చూపించి, ఊరికే వింతని చూపించినట్టు చెప్పాడు. మేడగది వేయాలనుకున్న పొద్దునే ఇటుకలు దింపించేశాడట. గది లేచింది, తలుపు పెట్టారు, రంగు వేశారు. రంగు వేసినవాడు దిగడానికి తిరిగి చూస్తే మెట్లు లేవు.

“మనిషి బంగారవేనండి” అన్నాడు ఆయన. “మెట్లొకటే లేవు.”

లక్ష్మీతులసి గట్టు మీద కూలబడిపోయి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. జాయ్‌కీ నవ్వొచ్చింది, చింతపిక్క వేయాల్సినంత నవ్వు. కానీ నవ్వు అయ్యాక ఆ నీలం తలుపు కళ్ళ ముందే నిలిచింది. తలుపు తీసి అడుగు వేస్తే గాలి. రేపు సంసారంలో కూడా ఇలా ఏ తలుపు తీస్తే ఏం ఉండదో.

ఆ వారం విజయ్ కుమార్ ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడింది. ఏమైందండీ అని అతను అడిగితే, కాస్త ఆలోచించుకోవాలండీ, అంది. ఆలోచించండి, ఆదివారం మీ చర్చికే వస్తానండి, అన్నాడు. ఎందుకని అతను అడగలేదు, అది కూడా చెడ్డ వైపు వేయాలో మంచి వైపు వేయాలో ఆమెకి తెలియలేదు.

మూడో ఆదివారం చర్చి నిండుగా ఉంది. మగవాళ్ళ వైపు, తలుపు పక్క వరసలో, తెల్ల చొక్కా వేసుకుని విజయ్ కుమార్ కూర్చున్నాడు. సువార్తమ్మ కూతురి పక్కనే ఉంది. అయ్యగారు నుదుటి మీది కళ్ళజోడు కిందికి దింపుకుని కాగితం తీశారు. ఇది మూడవ, ఆఖరి ప్రకటన, అన్నారు. పేర్లు చదివారు. ఎవరికైనా అభ్యంతరం ఉన్నదా అని అడిగారు. పైన ఫ్యాను కిర్రుమంటూ ఒక చుట్టు తిరిగింది. ఆయన ఊపిరి తీసుకున్నారు.

జాయ్ లేచి నిలబడింది.

“కూర్చోమ్మా, పాట ఇంకా రాలేదు” అన్నారు అయ్యగారు.

“అభ్యంతరం అండి.”

“ఎవరికమ్మా?”

“నాకేనండి.”

“ఏ పెళ్ళికి?”

“నా పెళ్ళికేనండి.”

ఆడవాళ్ళ వైపు విసనకర్రలు ఆగిపోయాయి. అయ్యగారు కాగితం తిప్పి వెనక వైపు కూడా చూశారు. అక్కడ ఏమీ రాసి లేదు. పెళ్ళికూతురు అలా అనవచ్చునా అని ఆయన పెద్దల వైపు చూస్తే, మగవాళ్ళ వైపు నుంచి సత్యానందం మాస్టారు గడ్డం నిమురుకుంటూ, ఎవరికైనా అన్నారు కాబట్టి అనవచ్చునండీ, తప్పులేదు, అన్నారు. సువార్తమ్మ చర్చికి అడ్డంగా ఆయన వైపు ఒక చూపు చూసింది. ఆయన గడ్డం వదిలేశారు.

అభ్యంతరమేమిటో సంఘం ముందు చెప్పాలన్నారు అయ్యగారు. జాయ్ ముందు బెంచీ అంచు పట్టుకుంది.

“ఆయన మేడగది కట్టి మెట్లు మర్చిపోయారండి.”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మొదట పిల్లలు నవ్వారు. ముందు వరసలో కూర్చున్న కరుణమ్మ మామ్మ, సంఘంలో అందరికన్నా పెద్దది, వెనక్కి తిరిగింది.

“మా ఆయన మెట్లు కట్టి మేడ కట్టడం మర్చిపోయేడే అమ్మాయీ. పోయేదాకా ఆ మెట్ల మీదే కూచుని చుట్ట కాల్చేడు. నేను కాపరం చెయ్యలేదా?”

అయ్యగారు కూడా కళ్ళజోడు తుడుచుకునే నెపంతో తల దించుకున్నారు. అప్పుడు విజయ్ కుమార్ లేచాడు. పిల్లల ముందు తప్ప నలుగురి ముందు మాట్లాడటం అతనికి అలవాటు లేదు, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“ముందు మర్చిపోయిన మాట నిజవేనండి. తరవాత మేస్త్రీ కడతానని వచ్చేడు. నేనే ఆపేనండి. మెట్లు ఎటు పెడితే బాగుంటాయో ఆలోచించే మనిషొకరు ఇంట్లోకి వచ్చేదాకా ఆగుదావని.”

“ఎప్పుడాపేరండి?” అని జాయ్ అడిగింది.

“కిందటేడు, మండలం ఆటలయిన వారవండి. నేను తప్పు ఈలేసేను గదా, ఆ వారం.”

జాయ్ మనసులో లెక్కేసింది. టీ కొట్టు కింద వానలో అతను అడిగిన ప్రశ్న ఆ సాయంత్రం పుట్టింది కాదన్నమాట. అతను ఈల ఊదినంత సేపట్లో తేల్చుకుని, ఆ తర్వాత ఏడాదంతా నిచ్చెన ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక పెద్ద నిట్టూర్పు లేచింది. కరుణమ్మ మామ్మ ముందుకు తిరిగి, ఇంక పాట చెప్పండి అయ్యగారూ, అంది.

కానీ జాయ్ ఇంకా నిలబడే ఉంది. ఇంకొకటి ఉందండీ, అంది. ఈసారి గొంతు చిన్నదైంది.

“నేను ఆలోచించకుండా ఒప్పుకున్నానండి. ఎందుకు ఒప్పుకున్నానో ఎంత వెతికినా దొరకట్లేదు. కొంచెం టైము కావాలండి.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. అయ్యగారు మంచి మనిషి. అందులో తప్పేమీ లేదనీ, తొందరపడి ఏడవడం కన్నా ఆగడం నయమనీ అన్నారు. ఈ ప్రకటన కొట్టేస్తాననీ, ఆలోచన అయ్యాక ఎప్పుడైనా మళ్ళీ మొదటి నుంచి చదవవచ్చుననీ చెప్పారు. ఎప్పుడైనా, అన్న మాట జాయ్ విన్నది. ఎప్పుడైనా అంటే ఏమిటో ఆ చర్చిలో ఆమెకన్నా బాగా ఎవరికీ తెలియదు. ఆఖర్న ఒక శుభలేఖ వస్తుంది, భోజనం బాగుంటుంది.

విజయ్ కుమార్ తల ఊపాడు. సరేనండీ అన్నట్టే ఉంది ఆ ఊపు. అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అయ్యగారు జేబులోంచి పెన్ను తీశారు. మూత తీసి, వెనక తగిలించారు. కాగితం బల్ల మీద పరిచి, ఆ రెండు పేర్ల మీదికి వంగారు.

“వద్దండి.”

టీ కొట్టు దగ్గర వినబడిన గొంతే. ఈసారి ఎవరన్నారా అని జాయ్ పక్కకి తిరిగి చూడలేదు.

అయ్యగారు పెన్ను ఎత్తి పట్టుకునే అడిగారు. “అయితే అభ్యంతరం లేదామ్మా?”

“లేదండి.”

“ఆలోచించుకునే చెప్తున్నావా?”

“లేదండి” అంది జాయ్. అంటూ ఉండగానే ఆమెకి నవ్వొచ్చింది. అమలాపురం బస్సులో వచ్చినటువంటి నవ్వు, ఆపుదామంటే ఆగనిది. పక్కన సువార్తమ్మ మొదలుపెట్టింది. తర్వాత కరుణమ్మ మామ్మ. ఆ తర్వాత ఎవరు నవ్వుతున్నారో ఎవరు నవ్వడం లేదో తెలియలేదు. ఆ గోలలోనే అయ్యగారు పాట నంబరు చెప్పారు. చర్చి అంతా లేచి నిలబడింది, కాబట్టి జాయ్‌కి కూర్చునే పని పడలేదు. పాటంతా ఒక్క ముక్క కూడా సరైన శ్రుతిలో పాడలేకపోయింది. అటు వైపు తెల్ల చొక్కా కూడా పాడుతున్నట్టు లేదు.

పెళ్ళి జరిగింది. సత్యానందం మాస్టారు అల్లుడి ఇల్లు చూడడానికి మంచి రోజు పెళ్ళయిన తర్వాత తేల్చారు. వచ్చి, నిచ్చెన చూసి, ఇంటి చుట్టూ తిరిగి, మెట్లు తూర్పు వైపు పెట్టుకోవచ్చుననీ, పెట్టుకోకపోవచ్చుననీ చెప్పి వెళ్ళారు.

జాయ్ ఇంకా ఆలోచిస్తోంది. తూర్పున పెడితే కొబ్బరిచెట్టు తీయాలి, అది కాపు మీదుంది. పడమట పెడితే వానజల్లు నేరుగా మెట్ల మీదికొస్తుంది. లోపల నుంచి పెడితే హాలు ఇరుకు. వెనక పెడితే మేకకి చోటుండదు. మేస్త్రీ నెలకోసారి వచ్చి, టీ తాగి, అమ్మగారు తేల్చేరాండి అని అడిగి వెళ్ళిపోతాడు. ఇప్పటికి అతని టీలో చక్కెర ఎంతో ఆ ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. విజయ్ కుమార్ ఒక్కసారీ తొందరపెట్టలేదు. గొడుగు మాత్రం పెళ్ళయిన వారానికే కొనుక్కొచ్చేశాడు. బాబ్జీ గారు దాన్ని కాగితంలో చుడుతూ, ఈ ఏడాది పంటలకి ఏమవుతుందోనండీ, అన్నారట.

ఏమీ కాలేదు. మొన్న ఒక మధ్యాహ్నం మబ్బు కమ్ముకుని చూస్తుండగానే వాన మొదలైంది. మేడ మీద, నీలం తలుపు పక్క తీగకి బట్టలు ఆరేసి ఉన్నాయి. విజయ్ కుమార్ వంటింట్లోంచి బయటికి వచ్చేసరికి జాయ్ చీర కుచ్చిళ్ళు దోపుకుని నిచ్చెన సగం ఎక్కేసింది. గొడుగు గుమ్మంలోనే ఉంది. అతను పరిగెత్తుకొచ్చి నిచ్చెన కాళ్ళు రెండు చేతులా పట్టుకున్నాడు.

“ఆగండి టీచర్ గారూ. వెదురు తడిసుంది, కాస్త ఆలోచించి ఎక్కండి.”

ఆ మాట పూర్తయ్యేసరికి ఆమె పైన ఉంది. బట్టలన్నీ నీలం తలుపులోంచి గదిలోకి విసిరేసి, తనూ లోపలికి దూరి, గుమ్మం మీద కూర్చుని కాళ్ళు గాల్లోకి వేలాడేసింది. అరటి తోట మీద వాన నడుచుకుంటూ పోతోంది. పాదాల మీద చినుకులు పడుతున్నాయి. కింద అతను నిచ్చెన పట్టుకుని తడుస్తూ ఉన్నాడు.

“ఇక్కణ్ణుంచి చూస్తే ఎటైనా పెట్టచ్చనిపిస్తోందండి” అంది.

“అయితే రేపు మేస్త్రీని పిలవనాండి?”

జాయ్ తూర్పు వైపు చూసింది, పడమటి వైపు చూసింది. కాళ్ళు ఊపింది.

“రేపెందుకండీ. ఇంకా చూద్దాం. ముందు మీరెక్కి రండి.”